చచ్చాడనుకుంటే లేచొచ్చిన పైలట్

మన హాస్టల్‌లో టీవీ పెట్టిన రోజు యుద్ధం సినిమా వచ్చిందంటే అన్నం గంట కొట్టినా ఎవ్వరూ లేవరు. వార్డెన్ సారు కూడా తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి, ఆ తర్వాతే కేకలేస్తారు. ఆ సినిమాల్లో హీరోకి నలభై ఏళ్లు ఉంటాయి, ఒంటికి దెబ్బ తగలదు. కానీ మిత్రులారా, నిజంగా జరిగిన కథ ఒకటి ఉంది. అందులో హీరోకి 19 ఏళ్లు. మన ఇంటర్ అన్నలకంటే ఒకటి రెండేళ్లు పెద్ద, అంతే. పేరు ఇంద్రలాల్ రాయ్. ఈ కథను ఎవరైనా సినిమాగా తీయాలని నా కోరిక.

ఇంద్రలాల్ 1898 డిసెంబరు 2న కలకత్తాలో జన్మించాడు. తండ్రి బారిస్టరు. కలిగిన కుటుంబం కాబట్టి పిల్లల్ని లండన్‌లో చదివించారు. ఇతను సెయింట్ పాల్స్ అనే స్కూల్లో చదువుతుండగా 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. అన్న పరేశ్‌లాల్ సైన్యంలో చేరిపోయాడు. తమ్ముడి మనసు మాత్రం విమానాల మీద పడింది. రైట్ సోదరులు మొదటిసారి ఎగిరింది 1903లో. అంటే అప్పటికి విమానం పుట్టి పట్టుమని పదిహేనేళ్లు కూడా కాలేదు!

రాయల్ ఫ్లయింగ్ కార్ప్స్‌లో చేరడానికి వెళితే డాక్టర్లు కంటిచూపు సరిగా లేదని తిప్పి పంపేశారు. మనలో ఎంతోమంది అన్నలు సెలక్షన్లకు వెళ్లి మెడికల్‌లో పోయిందని దిగులుగా వస్తారు కదా, అలాగే. ఊరుకున్నాడా? లేదు. తన మోటారుసైకిలు అమ్మేశాడు. ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకున్నాడు. ఆయన చూపు బాగానే ఉందని తేల్చాడు. 1917 జూలైలో ఉద్యోగం వచ్చింది. (మోటారుసైకిలు ఉంది కాబట్టి అమ్మాడు, లేనివాడు ఏం చేస్తాడు అని మా బెంచీలో ఒకడు అడిగాడు. ఆ మాటా నిజమే.)

అక్టోబరు నెలాఖరుకి ఫ్రాన్సులో 56వ స్క్వాడ్రన్‌లో ఉన్నాడు. నడిపే విమానం పేరు ఎస్.ఇ.5ఎ. విమానం అంటే మనం అనుకునే పెద్ద ఇనుప పక్షి కాదు. కర్ర చట్రం, పైన గుడ్డ, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు. ఒక్కడే కూర్చోవాలి. పైన కప్పు లేదు, చలిగాలి మొహానికి కొడుతుంది. తుపాకులు రెండు. ఒకటి ముందు తిరిగే రెక్కల సందులోంచి పేలుతుంది, ఆ రెక్కకు గుండు తగలకుండా యంత్రమే చూసుకుంటుంది. రెండోది పై రెక్క మీద ఉంటుంది. అన్నిటికంటే భయం ఏమిటంటే, ఆ రోజుల్లో బ్రిటిష్ ఫైటర్ పైలట్లకు పారాచూట్ ఇచ్చేవాళ్లు కాదు. విమానం అంటుకుంటే దూకడానికి దారే లేదన్నమాట.

చేరిన కొద్ది వారాలకే ఇంద్రలాల్ విమానం కూలింది. ఇక్కడ జరిగినది అందరూ ఇలా చెబుతారు. ఒంట్లో కదలిక లేకపోయేసరికి చచ్చిపోయాడనుకుని ఆస్పత్రిలో శవాల గదిలో వేసేశారట. కొంతసేపటికి అతనికి తెలివి వచ్చింది. చుట్టూ చీకటి, పక్కన పీనుగులు. లేచి తలుపు దబదబా బాదాడు, స్కూల్లో నేర్చుకున్న వచ్చీరాని ఫ్రెంచిలో అరిచాడు. బయట ఉన్నవాళ్లు దయ్యమనుకుని హడలిపోయి చాలాసేపు తలుపు తీయలేదట! సినిమాలో ఈ ఒక్క సీను చాలు, హాలంతా గప్‌చిప్ అయిపోతుంది. దయచేసి దీని వెనకాల పాట మాత్రం పెట్టకూడదు.

బతికాడు గానీ ఇక ఎగరడానికి పనికిరావన్నారు. మంచంమీద ఉన్నన్నాళ్లూ విమానాల బొమ్మలు గీశాడు. వాటిలో చాలా బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. పెద్దాఫీసర్లను విడవకుండా వేధించి, 1918 జూన్‌లో మళ్లీ ఫ్రాన్సు చేరాడు. ఈసారి 40వ స్క్వాడ్రన్. అక్కడ జార్జి మెకెల్‌రాయ్ అనే ఐర్లండు పైలట్ ఇతనికి పక్కనుండి మెళకువలు నేర్పాడు. ఆ గురువు దొరికాక మన కుర్రవాడు వేరే మనిషైపోయాడు. జూలై 6న మొదటి శత్రు విమానం పడగొట్టాడు. 8వ తేదీన నాలుగు గంటల్లోపల మూడు! 19వ తేదీకి మొత్తం పది. రెండింటిలో మాత్రం తోటి పైలట్లకు కూడా భాగం ఉంది. ఐదు పడగొడితే ఏస్ అని బిరుదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ బిరుదు పొందిన భారతీయుడు ఇతనే.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. ఇది మన యుద్ధం కాదు, మనల్ని ఏలుతున్న తెల్లవాళ్ల యుద్ధం. మన మన్యంలో పితూరీ నడిపిన అల్లూరి సీతారామరాజు పుట్టింది 1897లో. అంటే ఇద్దరూ ఒక ఈడు వాళ్లే. ఒకడు ఆ ప్రభుత్వం కోసం ప్రాణం పెట్టాడు, ఇంకొకడు 1922లో ఆ ప్రభుత్వం మీదే తిరగబడి ప్రాణం పెట్టాడు. ఇంద్రలాల్ పడగొట్టిన విమానాల్లో ఉన్నవాళ్లు కూడా ఎవరో తల్లుల బిడ్డలే. సినిమా తీసేవాళ్లు జెండాలు ఊపి వదిలేయకుండా ఇదంతా చూపిస్తే బాగుంటుంది. అయినా శవాల గదిలోంచి లేచి మళ్లీ ఆకాశంలోకే పోయిన ఆ గుండెను మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

1918 జూలై 22. కార్వెన్ ఊరిమీద ఆకాశంలో జర్మన్ల ఫోకర్ విమానాలతో పోరాటం. ఇంద్రలాల్ విమానం కూలిపోయింది. ఈసారి లేవలేదు. ఆఖరి గెలుపుకి మూడు రోజులే అయింది. తొమ్మిది రోజుల తర్వాత, జూలై 31న, గురువు మెకెల్‌రాయ్ కూడా కూలి చనిపోయాడు. నవంబరు 11న యుద్ధం ఆగిపోయింది.

సెప్టెంబరులో ఇంద్రలాల్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ప్రకటించారు. భారతీయుల్లో అది మొదట పొందినది అతనే, కానీ తీసుకోవడానికి మనిషి లేడు. నూరేళ్ల జయంతికి 1998లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది. సమాధి ఫ్రాన్సులో ఎస్తెవెల్ అనే ఊళ్లో ఉంది. దాని రాతిమీద ఫ్రెంచితో పాటు బెంగాలీ అక్షరాలు కూడా చెక్కారు.