తాళానికి ఓనమాలు దిద్దించిన దాసుడు

సంగీతం నేర్వదలచి గురువు ముందు తొలిసారి కూర్చున్న బాలుడు గొంతు సవరించుకొనడానికి ముందే కుడిచేయి తొడపై వేయవలసి ఉంటుంది. ఒక దెబ్బ, మూడు వ్రేళ్ల లెక్క. ఆ వెనుక దెబ్బ, విసురు. మరల దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాల ఆదితాళం పూర్తి అయినది. తెలుగునాట గాని, తమిళ కన్నడ దేశాలలో గాని తరతరాలుగా పాఠం ఇట్లే ఆరంభమవుతున్నది. ఈ పాఠక్రమాన్ని ఏర్పరచినవాడు పురందరదాసు అని సంప్రదాయం చెబుతున్నది. సంగీత పితామహుడన్న ప్రసిద్ధి ఆయనకు అందువల్లనే కలిగినది. ఆయనను భక్తుడుగా ఎరిగినవారు పెక్కుమంది. ఉపాధ్యాయుడుగా ఎరిగినవారు తక్కువ.

ఆయన తొలిపేరు శ్రీనివాస నాయకుడు. క్రీ.శ. 1484లో జన్మించినాడని చెబుతారు. జన్మస్థలం పుణె సమీపాన గల పురందరగడమని కొందరు, కర్ణాటకంలో తీర్థహళ్లి ప్రాంతపు క్షేమపురమని మరికొందరు వాదిస్తారు. తండ్రి వరదప్ప నాయకుడు రత్నాల వర్తకుడు. కుమారుడు ఆ వ్యాపారాన్ని ఇబ్బడి ముబ్బడిగా పెంచి నవకోటి నారాయణుడని పేరు మోసినాడు. పిసినారితనంలోనూ అంత పేరూ తెచ్చుకొన్నాడు. కొడుకు ఒడుగు కొఱకు ధనం యాచించిన పేద బ్రాహ్మణుని నెలల తరబడి త్రిప్పి పంపివేయడం, ఇల్లాలు సరస్వతీబాయి జాలితో తన ముక్కుపుడకను ఇచ్చివేయడం, అది నాయకుని అంగడికే అమ్మకానికి రావడం, భర్త నిలదీయగా ఆమె విషం త్రాగబోతే గిన్నెలో ఆ ముక్కుపుడకయే కనిపించడం మన పాఠకులు ఎరిగిన కథయే. అందలి అద్భుతాన్ని నమ్మినా మానినా, ఆ కోటీశ్వరుడు సర్వస్వం దానం చేసి ఆలుబిడ్డలతో వీథిన నిలిచినాడన్న విషయంలో సంప్రదాయానికి రెండు మాటలు లేవు. అప్పటికి ఆయన వయస్సు నలుబదికి చేరువ. చేతికి అలవడిన వృత్తిని విడిచి కొత్తగా శిష్యుడు కావడానికి అది సుళువైన వయస్సు కాదు.

1525 ప్రాంతాన విజయనగరం చేరి వ్యాసరాయల వద్ద దాసదీక్ష పొందినాడని చెబుతారు. అది శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్న కాలం. రాయల కొలువులో విద్వాంసులకు కొదువ లేదు. కాని దాసుడు కొలువు వైపు పోలేదు. తంబుర మీటుతూ, చిడతలు మ్రోగిస్తూ, ఇల్లిల్లూ తిరిగి కన్నడంలో పాడి, పెట్టినది తిని, పురందర విఠలుని పేరిట పదాలు కట్టినాడు. వీథిలో పాడేవానికి కొలువులో పాడేవానికి లేని పరీక్ష ఒకటున్నది. శాస్త్రం తెలియని ఇల్లాలు చేటలో బియ్యం తెచ్చేసరికి పాట ఆమె చెవికి ఎక్కవలెను. పసివాని చప్పట్లకు అది అందవలెను. లయ ఎవరికి ఎంతవరకు పట్టుబడుతుందో ఆయన ఆ వీథులలోనే గ్రహించినాడని నా ఊహ.

తాళశాస్త్రం అప్పటికి కొరత పడి లేదు, పైపెచ్చు ఎక్కువైనది. 13వ శతాబ్దినాటి శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరంలో దేశి తాళాలే నూట ఇరువది ఉన్నవి. అన్నింటినీ ఒక పిల్లవాని నెత్తిన పెడితే వాడు చదువు మాని పారిపోక ఏమి చేస్తాడు? హరిదాసులు సూళాదులనే రచనలలో, ఒక్కొక్క ఖండాన్ని ఒక్కొక్క తాళంలో నడుపుతూ, కొద్ది తాళాలను వాడుకలోనికి తెచ్చినారు. పురందరదాసుకు పూర్వమే శ్రీపాదరాయలు సూళాదులు రచించినాడు. ఆ తాళాలు ఏడింటినీ మొదటి మెట్టుగా వేయడంలోనే దాసుని ప్రజ్ఞ కలదు. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలవి.

ఈ ఏడూ మూడే అంగాలతో కట్టినవి. దెబ్బ వేసి వ్రేళ్లు లెక్కించునది లఘువు. దెబ్బ, విసురు కలిసినది ద్రుతం. ఒంటి దెబ్బ అనుద్రుతం. నాలుగక్షరాల లఘువు ఒక్కటే అయితే ఏకతాళం. దాని ముందు ద్రుతం చేరిస్తే ఆరు అక్షరాల రూపకం. రెండు లఘువుల నడుమ ద్రుతం పెడితే పది అక్షరాల మఠ్యం. దానికి చివర మరొక లఘువు తగిలిస్తే పదునాలుగు అక్షరాల ధ్రువం. త్రిపుటలో లఘువు మూడక్షరాలకు కుదించుకొని, రెండు ద్రుతాలతో ఏడవుతుంది. ఝంపలో లఘువు ఏడుకు సాగి, అనుద్రుతంతోను ద్రుతంతోను కలిసి పది. అటతాళంలో అయిదేసి అక్షరాల లఘువులు రెండు, ద్రుతాలు రెండు, వెరసి పదునాలుగు. మఠ్యానికీ ఝంపకూ లెక్క ఒక్కటే అయినా నడక వేరు. ధ్రువానికీ అటకూ అంతే. మొత్తం సమానమైనంత మాత్రాన లయ సమానం కాదన్న సూక్ష్మం పదేండ్ల పిల్లకు వ్రేళ్లమీదనే బోధపడుతుంది.

ఈ అలంకారాలలో గురువు చెప్పవలసినది నిజానికి మొదటి వరుస ఒక్కటే. ఏకతాళంలో షడ్జమం నుండి మధ్యమం వరకు నాలుగు స్వరాలు పాడి చూపితే, రెండవ వరుస రిషభం నుండి పంచమానికి పోవునని శిష్యుడే కనిపెట్టవలెను. ఆరోహణం ముగిసిన పిమ్మట అవరోహణాన్ని త్రిప్పి కట్టుకొనవలసినవాడూ అతడే. రూపకంలో షడ్జ రిషభాలు రెండూ ద్రుతానికి, మరల షడ్జమం నుండి నాలుగు స్వరాలు లఘువుకు సరిపోతవి. ఈ కిటుకు పట్టినవానికి లఘువును నాలుగు నుండి మూడుకో, అయిదుకో, ఏడుకో, తొమ్మిదికో మార్చి, దానికి తగిన స్వరాల వరుసను సొంతంగా అల్లుకొనే దారి తెరచుకొంటుంది. ఏడు తాళాలు అయిదు జాతులతో ముప్పదియైదు అవుతవి. రచన చేయడం మహావిద్వాంసుని హక్కనుకొంటాము. దాసుని పాఠంలో అది మొదటి సంవత్సరపు విద్యార్థి పని.

మరి నేడు పలుచోట్ల జరుగుతున్నదేమి? వరుసలన్నీ పుస్తకంలో వ్రాయించి అప్పగింపుమంటున్నారు. కచేరీలలో ఆది, రూపక, చాపు తాళాలే ఎక్కువగా వినిపిస్తవి గనుక ధ్రువ, అట తాళాలను దాటవేసి గీతాలకు పరుగెత్తిస్తున్నారు. పిల్లవాడు త్వరగా పాట పాడవలెనని తల్లిదండ్రుల తొందర కూడా ఇందుకు తోడవుతున్నది. వర్ణం వచ్చి అటతాళం ఎదురైన నాడు ఆ తొందరకు పరిహారం చెల్లించక తప్పదు.

ఈ అభ్యాసాలకు నేడు మాయామాళవగౌళ అనే రాగమూ, తొలి గీతాలకు దాని జన్యమైన మలహరీ దాసుని ఎన్నికలేనంటారు. మాయామాళవగౌళలో పూర్వార్ధపు స్వరాంతరాలే ఉత్తరార్ధంలోనూ ఉంటవి గనుక, చెవికి ఒకసారి పట్టినది రెండవసారి సాయం చేస్తుంది. మనస్సు తాళం మీద నిలుస్తుంది. గీతాలలో సంగతులు లేవు, నడక మారదు. ఇదంతా యాదృచ్ఛికమని నేననుకొనను.

దాసుడు రచించిన పదాలు నాలుగు లక్షల డెబ్బదియైదు వేలని ప్రతీతి. మనకు దక్కినవి అందులో అత్యల్పం. రెండు శతాబ్దాల అనంతరం తిరువయ్యారులో త్యాగరాజు తన ప్రహ్లాదభక్తివిజయంలో పురందరదాసుకు నమస్కరించినాడు. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమినాడు. ఆ పక్షంలోనే అమావాస్యనాడు పురందరుని ఆరాధన.

ఆయన 1564లో కన్నుమూసినాడు. మరుసటి యేడు జనవరిలో తళ్లికోట యుద్ధం జరిగినది. విజయనగరం దోపిడికి లోనై పాడుపడినది. ఆ నగరంలో ఆయన శిష్యులను కూర్చుండబెట్టి తాళం వేయించిన చోటు ఇదని చూపగల గోడ ఏదీ మిగలలేదు. హంపీలో విఠలాలయానికి దగ్గరగా, తుంగభద్ర ఒడ్డున, ఆయన పేర ఒక రాతి మండపం మాత్రం ఉన్నది. నదికి వరద వచ్చినపుడు అది నీట మునుగుతుంది.