జపాను దేశపు తోయామ మిత్సురు

ప్రభుత్వమున ఏ యుద్యోగమును చేయక, శాసనసభలో సభ్యుడు గాక, సేనకు నాయకుడు గాక, మంత్రులను సయితము గడగడలాడించిన పురుషు డొకడు జపాను దేశమున నుండెను. అతని పేరు తోయామ మిత్సురు. అతని నాశ్రయించి ప్రాణములు దక్కించుకొనిన పరదేశులు పలువురు గలరు. అతని యనుచరులచేత దెబ్బ తినినవారును పలువురు గలరు. ధైర్యము, ఔదార్యము, దేశభక్తి మెచ్చదగిన గుణములే. కాని యవి ధర్మశాసనమును త్రోసిరాజన్నప్పుడు ఎట్టి దుర్గతికి దారి తీయునో ఈతని చరిత్రము మనకు దెలుపును.

మిత్సురు 1855వ సంవత్సరము మే నెల 27వ తేదీన, క్యూషూ ద్వీపమందలి ఫుకువోకా పట్టణమున, త్సుత్సుయి అను నొక బీద సమురాయి కుటుంబమున జనించెను. సమురాయిలనగా ఖడ్గధారులై ప్రభువుల కొలువున నుండి, వారిచ్చు జీతపు బియ్యముతో జీవించెడి యోధులు. బాలుడు పిమ్మట తల్లి పుట్టినింటివారగు తోయామ వంశమునకు దత్తుడై వారి యింటిపేరు వహించెను. అతని చిన్నతనముననే దేశమంతయు తారుమారయ్యెను. 1868లో మెయిజీ చక్రవర్తి పేర నూతన ప్రభుత్వ మేర్పడెను. 1871లో సంస్థానములు రద్దయ్యెను. 1876లో సమురాయిలు కత్తి ధరింపరాదని శాసన మయ్యెను. వారి జీతములును ఋణపత్రములుగా మార్చబడెను. తరతరములుగా కత్తినే నమ్ముకొనిన కుటుంబములు వేలకొలది దారిద్ర్యమున బడెను.

ఫుకువోకాలో తకాబా రాన్ అను స్త్రీ యొక పాఠశాలను నడుపుచుండెను. ఆమె నేత్రవైద్యురాలు, పురుషవేషము ధరించి సంచరించెడిది. ఆమె చీనా ధర్మగ్రంథములను బోధించుచు, దుడుకువారని పేరుపడిన బాలురను తన బడిలో జేర్చుకొనుచుండెను. మిత్సురు ఆమె శిష్యుడయ్యెను. 1876లో హాగీ పట్టణమున సమురాయిలు ప్రభుత్వముపై తిరుగబడగా, ఆ సంబంధమున ఇతడును ఇతని మిత్రులును చెరసాల పాలైరి. వారు చెరలో నుండగనే, 1877లో, సైగో తకమోరి అను మహాయోధుడు ప్రభుత్వముతో పోరాడి మడిసెను. తోడి ఫుకువోకా యువకులు పెక్కుమంది ఆ సంవత్సరమే తిరుగబడి ప్రాణములు గోల్పోయిరి. చెరలో నుండుటచేతనే మిత్సురు బ్రతికి బయటపడెను.

మరుసటి యేట అతడు తోసా దేశమునకు బోయి, ఇతగాకి తైసుకే అను ప్రజానాయకుని దర్శించెను. కత్తితో గాక వాక్కుతో ప్రభుత్వము నెదిరింపవలెననియు, ప్రజలకు శాసనసభ కావలెననియు ఇతగాకి బోధించెను. మిత్సురు ఆ బోధ నంగీకరించి స్వస్థలమునకు మరలెను. అతని జీవితమున ఇది మంచి ఘడియ. ఈ మార్గముననే కడదాక నడచి యుండినచో అతని చరిత్ర మింకొక విధముగ నుండెడిది.

1881లో ఫుకువోకా మిత్రులందరు గూడి గెన్యోషా అను సంఘమును స్థాపించిరి. ఆ పట్టణము నానుకొనియున్న గెన్కాయ్ సముద్రమును బట్టి దాని కా పేరు గలిగెను. చక్రవర్తిని పూజించుట, స్వదేశమును ప్రేమించుట, ప్రజల స్వత్వములను కాపాడుట అను మూడు నియమములు వారికుండెను. హిరవోకా కోతారో మొదటి యధ్యక్షుడు. మిత్సురు ఎన్నడును అధ్యక్షపదవి నొల్లకపోయినను, సంఘమునకు ప్రాణ మతడే. క్యూషూలోని బొగ్గుగనుల నుండి వచ్చిన ధనము సంఘమునకు బలమయ్యెను. దీనిని రహస్యసంఘమని లోకము పిలుచుట వాడుక. నిజమునకు సంఘము బహిరంగమే. దాని పనులలో కొన్ని మాత్రము చీకటిలో జరిగెడివి.

కొలది యేండ్లకే ఆ మూడవ నియమము మరుగునబడెను. 1886లో చీనా నావికులు నాగసాకిలో దొమ్మి చేయగా, ప్రజల స్వత్వములకంటె సేనాబలమే ముఖ్యమని సంఘమువారు తలపోసిరి. 1889లో విదేశాంగమంత్రి ఒకూమా షిగెనోబు పాశ్చాత్యులతోడి సంధులను మార్చుటకై, జపాను న్యాయస్థానమున విదేశీయ న్యాయాధిపతులను కూర్చుండబెట్టుటకు సమ్మతించెను. ఇది దేశమున కవమానమని పలువురు కోపించిరి. అక్టోబరు 18వ తేదీన, ఈ సంఘమున సభ్యుడై యుండిన కురుషిమా త్సునెకి యను యువకుడు ఒకూమా బండిపై బాంబు విసరి, తక్షణమే తన కంఠమును తానే కోసికొని చచ్చెను. ఒకూమా కుడికాలు పోయెను. మంత్రివర్గము కూలెను, సంధిప్రయత్నము నిలిచిపోయెను. వాదముతో సాధింపదగినదానిని బాంబుతో సాధించితిమను గర్వము సంఘమువారి మనస్సులలో నాటుకొనెను. ఆ గర్వమే విషబీజము. 1892లో శాసనసభ యెన్నికలలో ప్రభుత్వము బలాత్కారము సాగింపగా దేశమున 25 మంది మరణించిరి. ఒకప్పుడు ప్రజాస్వత్వములు కోరిన ఈ సంఘమువారు అప్పుడు ఫుకువోకాలో ప్రభుత్వపక్షమున నిలిచి ప్రజాపక్షమువారిని కొట్టిరి.

అయినను మిత్సురు గుణములను మరుగుపరుచుట న్యాయము గాదు. కొరియా నుండి పారిపోయి వచ్చిన కిమ్ ఓక్ గ్యూన్ కు అతడు తోడ్పడెను. చీనా విప్లవనాయకుడైన సన్ యట్ సేన్ ను అతడును, అతని మిత్రుడు ఇనుకాయ్ త్సుయోషియు ఆదరించిరి. 1911లో చీనాలో విప్లవము పుట్టగా ఇరువురును సముద్రము దాటి యచటికి బోయిరి.

మన దేశీయుడైన రాస్ బిహారీ బోసు చరిత్రమును ఇచట స్మరింపదగును. 1912లో ఢిల్లీలో హార్డింజి ప్రభువుపై జరిగిన బాంబు ప్రయోగమునకు సంబంధించినవాడని ఆంగ్ల ప్రభుత్వ మతనిని వెదకుచుండగా, 1915లో అతడు మారుపేరుతో జపాను చేరెను. ఆంగ్లేయుల యొత్తిడిచే జపాను ప్రభుత్వ మతనిని దేశము విడువుమని యుత్తరువు చేసెను. గడువు తీరుటకు ముందు రాత్రి బోసు, అతని సహచరుడు హేరంబలాల్ గుప్తా, సెలవు గైకొను నెపమున మిత్సురు ఇంటికి వచ్చిరి. పోలీసువారు ముందువాకిట కాచియుండగా, వీరు పెరటిదారిని వెడలి మోటారుబండి నెక్కి, షింజుకులోని నకమురాయ అను రొట్టెలదుకాణమును జేరిరి. ఆ దుకాణపు యజమాని సోమా ఐజో వారిని దాచెను. పిమ్మట ఉత్తరువు రద్దయ్యెను. 1918లో మిత్సురు మధ్యవర్తిత్వముననే బోసు సోమా కుమార్తె తోషికోను పెండ్లాడెను.

అన్యదేశపు శరణార్థి నిట్లు కాచిన చేయియే అన్యదేశపు స్వాతంత్ర్యమును హరించుటకును తోడ్పడెను. 1895లో కొరియా రాణియగు మిన్ ను ఆమె నగరులోనే చంపిన జపానీయులలో గెన్యోషావారును ఉండిరి. 1901లో మిత్సురు శిష్యుడు ఉచిదా ర్యోహెయ్ కొకుర్యూకాయ్ అను మరియొక సంఘమును స్థాపించెను. దీనికి నల్లడ్రాగను సంఘమని వ్యవహారము. కాని యది ఆమూరు నది చీనా నామము నుండి వచ్చిన పేరు. రష్యనులను ఆ నదికి ఆవలకు త్రోలుటయే వారి యుద్దేశము. 1910లో కొరియా జపాను సామ్రాజ్యమున గలిసిపోవుటకు వీరు మిక్కిలి పాటుపడిరి. ఆసియావాసులను ఉద్ధరింతుమని చెప్పుచు పొరుగింటివాని ఇల్లే స్వాధీనపరచుకొనిరి.

పెంచిన అగ్ని తుదకు ఇంటినే యంటుకొనెను. 1932వ సంవత్సరారంభమున మాజీ ఆర్థికమంత్రి యొకడును, గొప్ప వర్తకు డొకడును యువకుల తుపాకులకు గురియైరి. ఆ హత్యలకు మూలపురుషుడైన ఇనోవుయె నిష్షో, మిత్సురు ఇంటి ప్రక్కనే అతని కుమారుడు హిదేజో నడుపుచున్న శాలలో తలదాచుకొని, పిమ్మట లొంగిపోయెను. ఆ యేడు మే నెల 15వ తేదీన కొందరు నావికోద్యోగులును సైనికవిద్యార్థులును ప్రధానమంత్రి నివాసమున బ్రవేశించి ఆయనను కాల్చి చంపిరి. ఆ ప్రధానమంత్రి యెవరు? మిత్సురుతో ఒకే సంవత్సరమున బుట్టి, అతనితో కలిసి సన్ యట్ సేన్ ను ఆదరించి, మూడేండ్లకు ముందు నాన్కింగులో ఆ నాయకుని సమాధి యుత్సవమునకు అతనితోడనే వెళ్లిన ఇనుకాయ్ త్సుయోషియే. ఈ హత్యకు తోడ్పడినవారిలో హిదేజోయు నొకడని తేలి శిక్ష పొందెను. తండ్రి ప్రాణమిత్రుని హత్యలో కొడుకు భాగస్వామి యయ్యెను! చంపినవారు దేశభక్తులని జనులు జాలిపడి విన్నపములు పంపగా, వారిలో నెవరికిని మరణశిక్ష పడలేదు. ఆ పిమ్మట జపానులో పార్టీల ప్రభుత్వము మరల యుద్ధాంతము వరకు తలయెత్తలేదు.

మిత్సురు 1944వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన, 89 ఏండ్ల వయస్సున, గొతెంబాలో మరణించెను. తరువాత జరిగినదానిని అతడు చూడలేదు. 1945 జూను 19వ తేదీ రాత్రి అమెరికా విమానములు అతని జన్మస్థానమగు ఫుకువోకాను కాల్చివేసెను. ఆగస్టులో జపాను లొంగిపోయెను. 1946లో గెన్యోషా రద్దు చేయబడెను.

మిత్సురు పిరికివాడు గాడు, పదవికై ప్రాకులాడినవాడును గాడు. శరణన్నవానిని విడువలేదు. అట్టివాడు దేశమున కెంత మేలు చేసి యుండవచ్చును! కాని దేశముపై ప్రేమ యున్నచో ఏమి చేసినను తగునని అతడును అతనివారును నమ్మిరి. న్యాయస్థానము, శాసనసభ, తర్కవాదము అనునవి నిదానముగ నడచును. తుపాకి వేగముగ నడచును. ఆ వేగమునకు ఆశపడినవారు శత్రువును మిత్రుని వేరుపరుప జాలకపోయిరి. విద్యార్థులారా! మీరు దేశమును ప్రేమింపుడు. ఆ ప్రేమ మిమ్మును ఏ కార్యమునకు బురికొల్పుచున్నదో దానినిగూడ పరీక్షించుకొనుడు.