ఫలితమెరుగని దీక్ష – ఎల్లాప్రగడ సుబ్బారావు

రోగబాధ కంటె చికిత్స కొరకు నిరీక్షించే కాలమే ఒక్కొక్కప్పుడు దుర్భరమవుతుంది. ఒకసారి కోలుకొన్న స్త్రీకి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు ఆ నిరీక్షణ మరింత కఠినం. యారాడ వంటి తీరగ్రామం నుండి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళే రోగికి పరీక్షా ఫలితాలు అందేదాకా దినమొక యుగంగా తోచవచ్చు. అట్టివారికి నేడు లభిస్తున్న ఔషధ చికిత్సకు పునాది వేసిన మహనీయులలో మన తెలుగువారు ఒకరున్నారు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పేదరికం వల్లా, చదువుపై నిలకడ లేకపోవడం వల్లా ఆయన మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టంతో తృప్తిపడవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు కొద్ది దినాల వ్యవధిలో గ్రహణి వ్యాధికి బలి కావడం ఆయన హృదయాన్ని కలచివేసింది. మందులేని రోగాలకు మందు కనుగొనాలన్న సంకల్పం బలపడింది.

మామగారి చేయూతతో, దాతల సాయంతో 1922లో అమెరికా చేరారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. ఆయన తిరిగి రానేలేదు. ఒక నిరీక్షణ అలా తీరకుండానే ముగిసింది.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి దేహద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాల శక్తికి మూలమైన ఎ.టి.పి.ని గుర్తించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి ఫోలిక్ ఆమ్లంపై పరిశోధనలు నడిపించారు. కణవిభజనకు ఆ ఆమ్లం అత్యవసరం. దానిని పోలి, దాని పనిని అడ్డగించే పదార్థమిస్తే క్యాన్సర్ కణాల పెరుగుదల ఆగుతుంది. ఈ సూత్రంపై ఆయన బృందం అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఔషధాలను తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ సోకిన 16 మంది బాలలకు ఇవ్వగా, 10 మందిలో గుణం కనిపించినట్లు 1948లో ప్రకటించారు. కాని ఆ ఉపశమనం తాత్కాలికమే; వ్యాధి తిరిగి తలెత్తింది.

ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు 53వ ఏట గుండెపోటుతో మరణించారు. తాను నాటిన మొక్క ఫలిస్తుందో లేదో ఆయనకు తెలియదు. 1951లో జేన్ రైట్ అనే వైద్యురాలు మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్‌పైనా పనిచేస్తుందని చూపారు. శస్త్రచికిత్స అనంతరం మెథోట్రెక్సేట్‌తో మరి రెండు మందులు కలిపి ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని 1976లో ఇటలీ వైద్యుడు బొనడొన్నా నిరూపించారు.

తిరగబెట్టిన క్యాన్సర్ స్వభావం మునుపటిలా ఉండకపోవచ్చు. అందుకే వైద్యులు కణపరీక్షలు మరల జరిపి తగిన మందును ఎన్నుకొంటారు. కనుక ఆ నిరీక్షణ వృథాకాలం కాదు. వైద్యుని అడగవలసిన సందేహాలు వ్రాసి ఉంచుకోవడం, భయాన్ని ఆత్మీయులతో పంచుకోవడం, నిత్యకృత్యాలను శక్తికొలది సాగించడం రోగికి ఊతమిస్తాయి. ఉత్త ధైర్యవచనాల కంటె ఆసుపత్రి దాకా తోడు వెళ్ళడం మిన్న. ఫలితం చేతిలో లేనప్పుడు కూడా చేయదగిన పని మిగిలే ఉంటుందని సుబ్బారావు జీవితం మనకు బోధిస్తున్నది.