కాంగో బిడ్డ పాట్రిస్ లుముంబా

బిర్సా ముండా, కొమరం భీం జీవితాలు మన యువతకు కొత్త కాదు. ఈసారి మేము కొంచెం దూరం వెళ్లి, ఆఫ్రికా నడిబొడ్డున ఉన్న కాంగో దేశపు తొలి ప్రధానమంత్రి పాట్రిస్ లుముంబా గురించి రాస్తున్నాం. తెల్లదొరలు జెండా దించి వెళ్లిపోయాక కూడా పెత్తనం ఎలా సాగుతుందో ఆయన కథలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

లుముంబా 1925 జూలై 2న కసాయి ప్రాంతంలోని ఒనాలువా అనే పల్లెలో, టెటెలా తెగలో, రైతు కుటుంబంలో పుట్టారు. మిషనరీ బడుల్లో చదివి, స్టాన్లీవిల్ పట్టణంలో తపాలా గుమాస్తా అయ్యారు. బెల్జియం పాలకులు అప్పట్లో చదువుకున్న కొద్దిమంది నల్లవారికి నాగరికులని గుర్తింపు కార్డు ఇచ్చేవారు. అధికారులు ఇంటికి వచ్చి ఇల్లు, వాకిలి, బతికే తీరు అన్నీ చూసి గానీ ఇచ్చేవారు కాదు. ఆ కార్డు లుముంబాకూ వచ్చింది. సొంత గడ్డ మీద మనిషి అనిపించుకోవడానికి పరాయివాడి పరీక్ష పాసవ్వాలి! మన యాస విని నవ్వేవాళ్ల మధ్య చదువుకుంటున్న మీకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

1956లో తపాలా సొమ్ము వాడుకున్నారన్న నేరం మీద ఆయన జైలుకు వెళ్లారు. దీన్ని దాచిపెట్టి ఆయన్ను దేవుణ్ణి చేయడం మాకు ఇష్టం లేదు. బయటికి వచ్చాక బీరు కంపెనీలో అమ్మకాల పని చేశారు. 1958లో సహచరులతో కలిసి కాంగో జాతీయ ఉద్యమం అనే పార్టీ పెట్టారు. మిగతా పార్టీలు చాలావరకు ఒక్కో తెగవి, ఒక్కో ప్రాంతానివి. ఈ పార్టీ మాత్రం అందరినీ కలుపుకుపోవాలని చూసింది. 1960 మే ఎన్నికల్లో ఎక్కువ సీట్లు దానికే వచ్చాయి.

1960 జూన్ 30న స్వాతంత్ర్య సభ. బెల్జియం రాజు లేచి, తన వంశానికి చెందిన రెండో లియోపోల్డ్‌ను పొగిడాడు. ఆ లియోపోల్డ్ కాంగోను సొంత ఆస్తిగా పెట్టుకుని, రబ్బరు కోసం జనం చేతులు నరికించిన పాలన నడిపినవాడు. కార్యక్రమంలో పేరు లేకపోయినా లుముంబా లేచి, వెట్టిచాకిరి, కొరడా దెబ్బలు, లాక్కున్న భూములు, తమవాళ్లు పడిన అవమానాలు రాజు ముందే ఏకరువు పెట్టారు. పెద్దమనుషులకు అది మింగుడుపడలేదు.

దొరలు అప్పజెప్పిన దేశంలో పట్టభద్రులు ఇరవై మంది కూడా లేరు. సైన్యంలో ఒక్క నల్ల అధికారి లేడు. వారం తిరగకుండానే సైనికులు తిరగబడ్డారు. తమ పౌరుల రక్షణ పేరుతో బెల్జియం మళ్లీ సేనలను దించింది. జూలై 11న కటంగా ప్రాంతం విడిపోతున్నట్టు షోంబే ప్రకటించాడు. అక్కడ రాగి, కోబాల్టు గనులున్నాయి. హిరోషిమా బాంబుకు యురేనియం ఎక్కువగా వెళ్లింది కూడా ఆ నేల నుంచే. గనులు తవ్వే బెల్జియం కంపెనీ షోంబేకు అండగా నిలిచింది. ఆగస్టులో దక్షిణ కసాయి కూడా విడిపోయింది. అక్కడున్నవి వజ్రాలు. గనులున్న చోటే వేరు దేశాలు పుట్టుకొచ్చాయన్నది గమనించండి. కసాయి మీదికి లుముంబా పంపిన సైన్యం లూబా జనాన్ని ఊచకోత కోసింది. ఆయన పాలనకు అది మాయని మచ్చ.

ఐక్యరాజ్యసమితి సేనలు వచ్చాయి గానీ, కటంగాను బలవంతంగా కలపడానికి ఒప్పుకోలేదు. అమెరికా వెళ్తే అధ్యక్షుడు కలవలేదు. చివరికి సోవియట్ యూనియన్ నుంచి విమానాలు, లారీలు తెప్పించుకున్నారు. అంతే, కమ్యూనిస్టు ముద్ర పడింది. సిఐఏ విషప్రయోగానికి పథకం వేసిందని 1975లో అమెరికా సెనేట్ విచారణే బయటపెట్టింది. సెప్టెంబరు 5న అధ్యక్షుడు కాసావుబు ఆయన్ను పదవి నుంచి తొలగించాడు. తొమ్మిది రోజులకు, లుముంబాయే పైకి తెచ్చిన మొబుటు సైన్యంతో అధికారం లాక్కున్నాడు.

గృహనిర్బంధం నుంచి తప్పించుకున్న లుముంబా సంకురు నది దగ్గర దొరికిపోయారు. 1961 జనవరి 17న ఆయన్ను, సహచరులు ఎంపోలో, ఒకితోలను విమానంలో కొడుతూ కటంగాకు తీసుకెళ్లి, శత్రువుల చేతికి అప్పగించారు. ఆ రాత్రే, బెల్జియం అధికారులు చూస్తుండగా, ముగ్గురినీ కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 35. సమాధి కూడా మిగలకూడదని శవాలను తవ్వితీసి యాసిడ్‌లో కరిగించారు. ఆ పని చేసిన బెల్జియం పోలీసు ఒక బంగారు పన్ను దాచుకున్నాడు.

మొబుటు 1997 దాకా ఏలాడు. 2002లో బెల్జియం క్షమాపణ చెప్పింది. 2022 జూన్‌లో ఆ పన్నును కుటుంబానికి అప్పగించింది. దాన్ని శవపేటికలో పెట్టి ముందు ఆయన పుట్టిన ఊరికి తీసుకెళ్లారు. తర్వాత జూన్ 30న, స్వాతంత్ర్యం వచ్చిన తేదీనే, రాజధాని కిన్షాసాలో ఖననం చేశారు.