ఫాక్సు దొరగారి వంశావళి

నోబుల్ దొరగారి పేరు ఎరుగనివారు మన సంఘములలో అరుదు. బందరులో ఆయన పేరిట వెలసిన విద్యాలయములే ఆ పేరు నిలిపినవి. 1841లో ఆయనతోపాటు అదే పట్టణమునకు మిషనెరీగా వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్సుగారిని మాత్రము నోబుల్‌గారి పేరుకు తోకగా తలచుటయే మనకు వాడుక. నోబుల్‌గారు అవివాహితులు. ఫాక్సుగారు భార్యతో వచ్చి కాపురము పెట్టినవారు. కనుక వంశావళి వెదకవలెనన్న ఫాక్సుగారిదే వెదకవలెను.

తండ్రి జార్జి టౌన్‌షెండ్ ఫాక్సుగారు ఇంగ్లండులోని డర్హము వాసి. హెన్రీగారు 1817లో వెస్టో గ్రామమున జన్మించిరి. రగ్బీ పాఠశాలలో డాక్టరు ఆర్నాల్డుగారియొద్ద చదివి, ఆక్స్‌ఫర్డులో పట్టము పొంది, 1840 డిసెంబరులో డీకనుగా అభిషేకము పొందిరి. వుల్వర్‌హాంప్టన్‌కు చెందిన జేమ్సుగారి కుమార్తె ఎలిజబెత్ అమ్మగారిని వివాహమాడిరి.

ఈ అమ్మగారి పేరు మన సభలలో ఎందుకో వినబడదు. మత్తయి వ్రాసిన వంశావళిలో రాహాబు, రూతుల పేర్లున్నవి గదా! బందరు ఎండ ఆ దంపతులకు పడలేదు. ఆరోగ్యముకొరకు ఉదకమండలమునకు పోయి, 1843లో తిరిగి వచ్చిరి. నోబుల్‌గారు బడి చూచుకొనగా, ఫాక్సుగారు తెలుగు నేర్చి ఊరూర సువార్త ప్రకటించిరి. 1845లో అమ్మగారి ఆరోగ్యము చెడగా స్వదేశమునకు బయలుదేరిరి. మద్రాసు దాటకమునుపే ఆమె కన్నుమూసిరి, సమాధియు అక్కడనే. అంత దుఃఖములోనుండియు ఫాక్సుగారు 1846లో మరల బందరుకే వచ్చిరి. రెండేండ్లకే దేహము లొంగలేదు. ఇంగ్లండు చేరి, 1848 అక్టోబరు 14న, ముప్పదియొకటవ యేట ప్రభువునందు నిద్రించిరి. నోబుల్‌గారి బడి విద్యార్థులైన మంచాల రత్నము, అయినాల భూషణముగార్లు బాప్తిస్మము పొందినది 1852లో. ఆ దినము ఆయన చూడలేదు.

సోదరుడు జార్జిగారు ఆయన జీవితచరిత్ర వ్రాసిరి. రగ్బీ మిత్రులు చందాలు వేసికొని, ఆయన జ్ఞాపకార్థము బందరు బడిలో ఒక ఉపాధ్యాయ పదవిని పోషించిరి.

ఇక కుమారుడు. హెన్రీ ఇలియట్ ఫాక్సుగారు 1841లో మన బందరులోనే పుట్టిరి. నాలుగేండ్ల ప్రాయమున తల్లిని, ఏడవయేట తండ్రిని పోగొట్టుకొనిరి. పెరిగి గురువై, 1895 మొదలు 1910 వరకు లండనులో సి.ఎం.ఎస్. గౌరవ కార్యదర్శిగా పనిచేసిరి. ఆ పదునైదేండ్లు బందరు, బెజవాడ మిషను స్టేషన్లు ఆయన పనిచేసిన ఆఫీసు క్రిందనే నడచినవి. 1926లో మరణించిరి.