చేతిపనికి విలువ తెచ్చిన కమలాదేవి

ఈసారి నేను కమలాదేవి ఛటోపాధ్యాయ జీవితం గురించి రాస్తున్న. ఆమెనే ఎందుకు ఎంచుకున్ననో చివర్ల చెప్త.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3వ తేదీన మంగుళూరులో జన్మించింది. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటక రాష్ట్రంలో ఉంది. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ పెద్ద ప్రభుత్వ ఉద్యోగి. తల్లి పేరు గిరిజాబాయి. కమలాదేవికి ఏడేళ్ళ వయసులో తండ్రి చనిపోయాడు. వీలునామా రాయలేదు కాబట్టి ఆస్తి మొత్తం ఆయన మొదటి భార్య కొడుకుకు పోయింది. తల్లీబిడ్డలకు నెలకు కొన్ని పైసలు ఇస్తామన్నారు. గిరిజాబాయి అవి వద్దన్నది. తన పెళ్ళప్పుడు పుట్టింటి వాళ్ళు ఇచ్చిన దానితోనే బిడ్డను పెంచింది.

కమలాదేవికి 14 ఏళ్ళకే పెళ్ళి చేశారు. రెండేళ్ళకే భర్త చనిపోయాడు. నాకు ఇప్పుడు 14 ఏళ్ళు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంచెం సేపు ఊకెనే కూర్చున్న. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడపిల్లను ఇంట్లో మూలకు కూర్చోబెట్టేవాళ్ళు. కమలాదేవి మాత్రం చదువు ఆపలేదు. మద్రాసులో క్వీన్ మేరీస్ కాలేజీలో చదివింది. తర్వాత సరోజినీ నాయుడు తమ్ముడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయను పెళ్ళి చేసుకుంది. ఆయన మన హైదరాబాదులో పుట్టిన కవి. భర్త పోయిన ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నదని చాలామంది తప్పు పట్టారు. ఆమె లెక్కచేయలేదు. ఇద్దరూ కలిసి నాటకాలు వేశారు. కొన్నేళ్ళకు విడిపోయారు.

1926లో ఆమె మద్రాసు శాసనమండలి ఎన్నికల్లో నిలబడింది. అప్పుడు ఆడవాళ్ళు పోటీ చేయడమే కొత్త. కొన్ని ఓట్ల తేడాతో ఓడిపోయింది. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు దండి యాత్రలో ఆడవాళ్ళను తీసుకుపోలేదు. ఆడవాళ్ళు కూడా సత్యాగ్రహం చేయాలని కమలాదేవి పోయి గాంధీజీని ఒప్పించింది. బొంబాయిలో ఉప్పు చేసి అమ్మింది. జైలుకు పోయింది.

1947లో దేశం రెండు ముక్కలైంది. ఇల్లూ వాకిలీ వదిలి లక్షల మంది కాందిశీకులు వచ్చారు. ఢిల్లీ దగ్గర ఫరీదాబాదులో దాదాపు 50 వేల మందికి కొత్త ఊరు కట్టడంలో కమలాదేవి సహకార సంఘం పని చేసింది. చేతిలో పని ఉంటేనే మనిషి మళ్ళీ నిలబడతాడని ఆమె నమ్మింది.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. కమలాదేవి దానికి అధ్యక్షురాలు. ఆఫీసులో కూర్చొని సంతకాలు చేసే అధ్యక్షురాలు కాదు. ఊరూరూ తిరిగి చేతిపని చేసేవాళ్ళ ఇండ్లకు పోయింది. మిల్లు బట్టలు వచ్చి వాళ్ళ పని దెబ్బతిన్నది. కొనే దళారీ ఎంత చెప్తే అంతే ధర. పిల్లలు ఈ పని మాకొద్దు అంటున్నారు.

మన దేశంలో చేతికుట్టు ఎన్ని రకాలో చూడండి. లక్నోలో చికన్ పని ఉంది, పల్చని తెల్ల బట్ట మీద తెల్ల దారంతో పూలు కుడతారు. పంజాబులో ఫుల్కారీ, ముతక బట్టను తిరగేసి పోగులు లెక్కపెట్టుకుంటూ వెనక నుంచి కుడితే ముందర పువ్వు వస్తుంది. బెంగాలులో పాత చీరలను పొరలు పొరలుగా పరిచి కుట్టేది కాంథా. ధార్వాడ వైపు కసూతి, దానికి ముడి వేయరు, రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. కచ్‌లో అద్దాల పని. మన తాండాల్లో లంబాడీ వాళ్ళు అద్దాలు, గవ్వలు పెట్టి కుడతారు. వీటిలో చాలా పనులు ఇంట్లో ఆడవాళ్ళు చేసేవే. బడికి పోనోళ్ళు కూడా పోగుల లెక్క తప్పరు. కానీ దాన్ని ఎవరూ చదువు అనరు, ఉత్త ఆడవాళ్ళ పని అంటారు.

కమలాదేవి దాన్ని విద్య అన్నది. ఢిల్లీలో సెంట్రల్ కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం అనే పెద్ద దుకాణాన్ని ఆమె సహకార సంఘం నడిపింది. అట్ల చేతిపనికి పట్నంలో గిరాకీ వచ్చింది. పనివాళ్ళకు జాతీయ అవార్డులు మొదలయ్యేలా చేసింది. అప్పుడు వస్తువుతోపాటు చేసినవాళ్ళ పేరు కూడా నలుగురికీ తెలిసింది. మన తెలుగు వాళ్ళకు కూడా మేలు చేసింది. శ్రీకాళహస్తి కలంకారీ కుట్టుపని కాదు, కలంతో బట్ట మీద వేసే బొమ్మలు. అది అంతరించిపోయేటట్టు ఉంటే 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించారు. 1977లో భారతదేశపు ఎంబ్రాయిడరీ మీద ఆమె ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసింది. 1966లో మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988 అక్టోబరు 29న ఆమె మరణించింది.

ఇప్పుడు నేను ఎందుకు రాసిన్నో చెప్త. మా క్లాసులో తాండా నుంచి వచ్చిన దోస్తు ఉంది. పోయిన ఏడాది దసరా సెలవులకు దాన్ని తీసుకుపోను వాళ్ళ నానమ్మ వచ్చింది. అద్దాల కాంచళి, పేటియా వేసుకుంది. గేటు కాడ కొందరం నవ్వినం. నేను కూడా నవ్విన. మా అమ్మ వస్తే ఎవరన్నా ఇట్లనే నవ్వుతారేమో అని నాకు అప్పుడు తోచలేదు. సంక్రాంతికి వాళ్ళ నానమ్మ మామూలు చీర కట్టుకొని వచ్చింది. నా దోస్తే అట్ల రమ్మని చెప్పిందట.

కమలాదేవి గురించి చదివినంక నేను దోస్తును తప్పైందని అడిగిన. అది ఏం మాట్లాడలేదు. రెండు రోజులైనంక ట్రంకు పెట్టె అడుగు నుంచి వాళ్ళ నానమ్మ కుట్టిన చిన్న సంచి తీసి చూపించింది. నేర్పియ్యమన్న. అద్దానికి బెజ్జం ఉండదు. ముందు దారాలు అడ్డం నిలువు వేసి, ఆ దారాలనే పట్టుకొని చుట్టూ కుట్టాలె. నాది రెండుసార్లు ఊడిపోయింది. మూడోసారి నిలబడ్డది కానీ వంకరగా ఉంది.

అంత పని చేసిన ఆమె పేరు నేను ఇప్పటిదాకా అడగలేదు. ఈసారి కాంచళి వేసుకొనే రమ్మని నా దోస్తు కబురు చేసింది. వస్తే ముందు నమస్కారం పెట్టి పేరు అడుగుత. మీరు కూడా మీ ఇంట్లో ఎవరికి ఏ పని వచ్చో అడిగి, వచ్చే నెల గోడపత్రికకు రాయండి.



— 9వ తరగతి విద్యార్థిని