మెదడును చిత్రించిన మహనీయుడు

మన తలంపులకు, జ్ఞాపకములకు నెలవైన మెదడు ఎట్లు నిర్మింపబడినదో లోకమునకు చూపినవారిలో సాంటియాగో రామోన్ ఇ కహాల్ అగ్రగణ్యుడు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

కహాల్ 1852వ సంవత్సరము మే 1వ తేదీన స్పెయిన్ దేశమునందలి పెటీయా డె అరగోన్ అను కుగ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు. బాలునకు చదువుకంటె బొమ్మలు గీయుటయందే మక్కువ. అది తండ్రికి కిట్టలేదు. కుమారుని కొంతకాలము క్షురకుని యొద్దను, చెప్పులు కుట్టువాని యొద్దను పనికి కుదిర్చెను. పిదప ఆ తండ్రియే మానవుల యెముకలను చూపి శరీరనిర్మాణమును బోధింపగా, బాలుని చిత్రలేఖనమే చదువునకు తోడ్పడెను. కహాల్ 1873లో వైద్యపట్టము పొంది, సైనికవైద్యుడై క్యూబాకు పోయి, మలేరియాచే కృశించి 1875లో మరలివచ్చెను. సైన్యమున కూడబెట్టిన సొమ్ముతో సూక్ష్మదర్శినిని కొనెను.

మెదడంతయు తెగని వల యని నాటి పండితులు పెక్కురు నమ్మియుండిరి. ఇటలీ దేశీయుడగు గాల్జీ 1873లో ప్రకటించిన వెండిలవణపు పద్ధతిచే, వేనవేల కణములలో కొన్ని మాత్రమే నల్లబడి స్పష్టముగా కనబడును. కహాల్ 1887లో దానిని చూచి, మెరుగుపరచి, పక్షుల మెదడునందు ప్రయోగించెను. రెండు పదములు సంధిలో కలిసిపోవునట్లు నాడీకణములు కలిసిపోవని, ఒకదాని తంతువు వేరొకదానిని సమీపించి నిలుచునని 1888లో ప్రకటించెను.

ఆ వ్యాసము స్పానిష్ భాషలో నున్నది. ఇతర దేశపు పండితులలో ఆ భాష నెరిగినవారు అరుదు. కావున 1889లో కహాల్ తన సూక్ష్మదర్శినిని వెంటగొని బెర్లిన్ నగరమున జరిగిన శరీరశాస్త్రజ్ఞుల సభకేగెను. తడబడు ఫ్రెంచి భాషలో వివరించుచు, వారి కన్నులకే సత్యమును చూపెను. వృద్ధపండితుడగు కోలికర్ దానిని అంగీకరించి, కహాల్ రచనలను చదువుటకై స్పానిష్ నేర్చుకొనెను.

1906లో గాల్జీకిని, కహాల్‌కును కలిపి నోబెల్ బహుమానమొసగిరి. గాల్జీ మాత్రము అప్పటికిని వల సిద్ధాంతమును విడువలేదు. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో పరమపదించెను. 1950 తరువాతి దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కణముల నడుమనున్న సన్నని యెడమును చూపి, ఆయన మాటను స్థిరపరచెను. 2024లో శాస్త్రజ్ఞులు ఒక పండ్ల ఈగ మెదడునందలి 1,39,000కు పైబడిన కణములను, వాని నడుమగల 5 కోట్ల కూడళ్లను పటముగా రచించిరి. మానవుని మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. ఆ పటము ఇంకను పూర్తికావలసియే యున్నది.

ఇంట తెలుగును, వీధిలో పొరుగు భాషను పలుకు మన బాలబాలికలు ఒక విషయము గమనింపవలెను. కహాల్ తన భాషలోనే వ్రాసెను. పరభాషలో చెప్పుటకును వెనుదీయలేదు.